ప్రత్యుత్తరం

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు తన వేదననంతా మేఘానికి నివేదించి, అలకాపురికి దారి చెప్పి, చివరకు దాని మౌనాన్నే అంగీకారంగా భావిస్తాడు. అడిగిన చాతకానికి మేఘం ఏమీ పలకకుండానే నీరిస్తుంది గదా అని అతని ఊరట. కావ్యంలో అది రమణీయమైన భావన. కాని దూరదూరాన ఉన్న మనుషులు కలసి ఒక పని నెరవేర్చవలసి వచ్చినప్పుడు మౌనానికి అర్థం చెప్పుకోవడం అంత సులభం కాదు.

ఎదురెదురుగా కూర్చున్నవారి మధ్య మాటకు ముఖం తోడుంటుంది. "చూద్దాం" అన్న మనిషి నిజంగా చూస్తాడో, మర్యాదగా కాదంటున్నాడో అతని కనుబొమలే చెబుతాయి. "అలాగే" అన్నది ఒప్పుకోలు కావచ్చు, విన్నానన్న సూచన మాత్రమే కావచ్చు. తెలుగువారి సంభాషణలో సగం అర్థం ఇలా మాటకు వెలుపలే ఉంటుంది. వేసవిలో హైదరాబాదులో రాత్రి తొమ్మిది గంటలైతే కాలిఫోర్నియాలో ఉదయం ఎనిమిదిన్నర. ఇక్కడి ఉద్యోగి నిద్రకళ్ళతో "అలాగే" అని టైపు చేసి పడుకుంటాడు. అక్కడి సహోద్యోగి పని పూర్తయి వస్తుందని పగలంతా ఎదురుచూస్తాడు. ఇక్కడ తెల్లవారేసరికి ఒకరిపై ఒకరికి అపనమ్మకం మొదలవుతుంది. ఇద్దరిలో ఎవరూ సోమరులు కారు. "విన్నాను, రేపు రాత్రికి గాని ముగించలేను" అన్న ఒక్క వాక్యం లోపించిందంతే.

2020 మార్చిలో కరోనా కారణంగా విద్యాలయాలు మూతపడినప్పుడు ఈ ఇబ్బంది ఇంటింటికీ వచ్చింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళలో పాఠాలు ప్రసారమయ్యాయి. చాలామంది అధ్యాపకులు జీవితంలో తొలిసారి ఫోను ముందు కూర్చుని పాఠం చెప్పారు. ఎదుట విద్యార్థులు లేరు. నల్లని గడులు, వాటిలో పేర్లు. పద్యం రాగయుక్తంగా చదివి ఆగితే ఆవలి నుండి గుసగుసలు కూడా వినిపించవు. తరగతిలో గుసగుసలను విసుక్కున్నవారికే వాటి విలువ అప్పుడు తెలిసివచ్చింది. ఆ నిశ్శబ్దాన్ని నిర్లక్ష్యంగా భావించి కోపగించినవారూ ఉన్నారు. గడికి ఆవలి సంగతి వేరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనునే అన్నాచెల్లెళ్ళు వంతులవారీగా వాడుకున్నారు. సిగ్నల్ కోసం మేడలెక్కారు, చేనుగట్ల మీద కూర్చున్నారు. డేటా మిగలాలని కెమెరా ఆపారు. ఒంటిగది ఇంట్లోని మాటలు పదిమందికీ వినబడతాయని మైకు మూసుకున్నారు.

ఈ సంగతి అడిగి తెలుసుకున్న అధ్యాపకులు పద్ధతి మార్చుకున్నారు. "అర్థమైందా?" అని అందరినీ కలిపి అడగడం మాని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించారు. మాట్లాడే వీలులేనివారిని రెండు వాక్యాలు రాసి పంపమన్నారు. వచ్చినదానిని "బాగుంది" అని వదిలేయక, ఎక్కడ బాగుందో, ఎక్కడ తప్పిందో తిరిగి రాశారు. అంతవరకు ఉలుకూపలుకూ లేని గడుల నుండి ప్రశ్నలు రావడం అలా మొదలైంది.

ఇటువంటి ప్రత్యుత్తరపు శక్తిని చూపే ఉదంతం ఒకటి కంప్యూటర్లు లేని కాలంలోనే జరిగింది. 1913 జనవరి 16న మద్రాసు పోర్టు ట్రస్టు గుమాస్తా శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జిలోని గణితాచార్యుడు హార్డీకి ఒక ఉత్తరం రాశారు. అంతకుముందు ఇతర గణితవేత్తలను ఆశ్రయించినా ఆదరణ లభించలేదు. హార్డీ ఫిబ్రవరి 8న బదులు రాశారు. అది పొగడ్తల లేఖ కాదు. రామానుజన్ పంపిన ఫలితాలను మూడు తరగతులుగా విడదీసి, పూర్వమే తెలిసినవేవో, కొత్తవై ఆసక్తి కలిగించేవేవో, కొత్తవీ ముఖ్యమైనవీ ఏవో తెలిపి, నిరూపణలు పంపమని కోరారు. తన కాగితాలను శ్రద్ధగా చదివినవారు ఒకరున్నారని రామానుజన్‌కు తెలిసింది.

అయినా చిక్కు రానే వచ్చింది. ఉత్తరం సముద్రం దాటి చేరడానికి వారాలు పట్టే రోజులవి. రామానుజన్ నిరూపణలు పూర్తిగా పంపలేదు. తన పద్ధతిని ఇతరులు అపహరిస్తారని ఆయన భయపడుతున్నారేమోనని హార్డీ సహచరుడు లిటిల్‌వుడ్ ఊహించారు. హార్డీ ఆ అనుమానాన్ని మనసులో దాచుకోలేదు. తాను రాసిన మూడు దీర్ఘలేఖలు రామానుజన్ చేతిలోనే ఉన్నాయనీ, తాను అన్యాయం తలపెడితే వాటితోనే లోకానికి వెల్లడి చేయవచ్చుననీ సూటిగా రాశారు. ఆ మాటకు రామానుజన్ నొచ్చుకున్నారు. నొచ్చుకుని ఊరుకోలేదు; ఏప్రిల్ 17న ఆ మాటే తిరిగి రాశారు. తనకు అటువంటి భయం లేదనీ, ఎనిమిదేళ్ళుగా తన పద్ధతిని గుర్తించేవారే దొరకలేదనీ, సానుభూతిగల మిత్రుడు ఇప్పుడు దొరికాడనీ తెలిపారు. అప్పటికి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. అనుమానమూ నొప్పీ రెండూ కాగితం మీదికి వచ్చాయి. ఉత్తరాల బంధం తెగలేదు. 1914లో రామానుజన్ కేంబ్రిడ్జి చేరారు. 1918లో పూర్ణాంకాల విభజనలపై ఇద్దరి ప్రసిద్ధ పరిశోధన వెలువడింది.

1919లో అనారోగ్యంతో స్వదేశానికి తిరిగివచ్చిన రామానుజన్ నెలల తరబడి హార్డీకి ఏమీ రాయలేదు. 1920 జనవరి 12న, మరణానికి కొద్ది నెలల ముందు, మద్రాసు నుండి ఒక ఉత్తరం పంపారు. 'మాక్ థీటా' ప్రమేయాలను తొలిసారి ఎరుకపరచినది ఆ లేఖే. అంతటి విషయం చెప్పడానికి ముందు, అంతకాలం ఒక్క ఉత్తరమైనా రాయనందుకు ఆయన హార్డీకి క్షమాపణ చెప్పుకున్నారు.