పటమునకు మౌంటు కోయుట

గోడమీది పటము నొకదానిని దించి ప్రక్కనుండి చూడుడు. అద్దమునకును చిత్రమునకును నడుమ సందేమైన కలదా? పెక్కిండ్లలో నుండదు. రాజా రవివర్మగారు 1894లో బొంబాయిలో ముద్రణాలయము పెట్టిన పిమ్మట లక్ష్మీసరస్వతుల పటములు సామాన్యుల యిండ్లకును వచ్చినవి. వానిలో ననేకములు అద్దమున కానించి బిగించినవే. ఛాయాపటములను గూడ మనవా రట్లే కట్టించిరి.

నడుమ నుంచవలసిన కిటికీవంటి అట్టను పటములు కట్టువారు మౌంటు అందురు. అది సొగసుకొఱకని చాలమంది తలంపు. సొగసు దాని రెండవ పని. వానకాలమున అద్దము లోపలివైపున చెమ్మ పట్టును. పాత నలుపుతెలుపు ఫొటోలలో పెక్కింటిపై జెలటిన్ అను సరేసువంటి పూత కలదు. చెమ్మకు మెత్తబడి అద్దమున కంటుకొనెనా, ఎండిన తరువాత వదలదు. లాగినచో ముఖమే యూడి వచ్చును. అట్టిదానిని లాగక, ఆ పని నేర్చినవారి కప్పగించుటయే మేలు.

మాయింట 1938లో తీయించిన కుటుంబపు ఫొటో యొకటి కలదు. కుడియంచున, స్తంభము చాటున, మా తాతగారి యక్కగారు నిలిచియున్నారు. ఆమెకు ఎనిమిదవ యేట వివాహము, పదునొకండవ యేట వైధవ్యము. శుభకార్యములనాడు ఫొటో తీయునపుడు ఆమెను పిలుచువారు లేరు. ఈ యొక్కదానిలో మాత్రము తెల్లచీర చెంగును, ఒక చేయియు, ముఖములో మూడుపాళ్లును పడినవి. మా తండ్రిగారిని పెంచిన చేయి యదియే. అంగడిలో పటములు కట్టు నతడు దానిని చూచి, “ఈ అంచు మరకపడ్డదమ్మా, ఆ మనిషి కూడా సగమే పడ్డది. అంగుళం కోసేస్తే బొమ్మ నడిమికొస్తుంది” అనెను. ఫొటో తీసికొని యింటికి వచ్చితిమి. కిటికీ యెంత తెఱవవలెనో మేమే నిర్ణయించుకొనదలచితిమి.

ఫొటో 8 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల యెత్తు. స్టూడియోవారు దానిని 10కి 8 అంగుళముల దళసరి అట్టపై నంటించిరి. అంచులలో నేదియు మఱుగుపడకుండ కిటికీని 8½కి 6½ అంగుళములు పెట్టితిమి. మౌంటునకు పైనను ప్రక్కలను 2½ అంగుళములు, క్రింద 3 అంగుళములు విడిచితిమి. నాలుగువైపుల సమముగా నుంచినచో బొమ్మ క్రిందికి జాఱినట్లు కంటికి తోచును. ఈ లెక్కకు అట్ట 13½కి 12 అంగుళము లగును.

అట్ట మంచిదై యుండవలెను. చవుక అట్టలు కొయ్యగుజ్జుతో చేసినవి. అందలి ఆమ్లమువలన కొన్నియేండ్లకు కిటికీయంచు గోధుమవన్నెకు తిరిగి, చిత్రముపై కాల్చినట్టి గీత పడును. ఆమ్లము లేని అట్ట చిత్రకారుల సామగ్రి యమ్ము అంగళ్లలో దొఱకును. వెల యెక్కువయే, వెనుకనుంచు అట్టయు నట్టిదే కావలెను గనుక ఆ వ్యయమునకు వెనుదీయరాదు.

గీతలన్నియు అట్ట వెనుకవైపుననే గీయవలెను. క్రింద పనికిరాని అట్టముక్కను పఱచి, ఇనుప స్కేలును గట్టిగా నదిమి, క్రొత్త అలుగు వేసిన కత్తితో కోయవలెను. అంచు ఏటవాలుగా రావలెనన్నచో కత్తిపిడి కిటికీ నడిమివైపునకు వాలి, మొన వెలుపలివైపునకు పోవలెను. వాలు సుమారు 45 డిగ్రీలు. ఒక్క త్రోపులో తెగగోయు నాతురత వలదు. అదే జాడలో మూడునాలుగు మార్లు తేలికగా లాగవలెను. మూలయొద్ద గీతను అట్ట మందమంత దాటింపనిచో ముక్క యూడిరాదు. ఊడదీయుటకు లాగితిరా, మూల చినుగును, కత్తిమొనతో విడదీయవలెను. కూరగాయలు సన్నముగా తఱుగు చేతులకిది కష్టమైన పని కాదు. ఏటవాలు కుదురనివారు నిలువుగా కోసినను పటమునకు లోటులేదు.

ఫొటోకు జిగురు తగులనీయరాదు. పుస్తకములు కట్టువారు పిండిజిగురులో కలుపు మైలతుత్తము అసలే కూడదు. మంచి కాగితముతో చిన్న ముక్కోణపు సంచులు మడచి, వెనుక అట్టకు వానిని మాత్ర మంటించి, ఫొటో అట్ట మూలలను వానిలో దూర్చితిమి. మౌంటు వానిని కప్పివేసెను.

బిగించుటకు ముందు వెనుక అట్టపై పెన్సిలుతో ఎడమనుండి వరుసగా పేరులు వ్రాసితిమి. సిరా చెమ్మకు ప్రాకును. కుడియంచున నున్నామెను ఇంటిల్లిపాదియు అత్తమ్మ యనియే పిలిచిరి. అసలు పేరు మాలో నెవ్వరికిని తెలియదు. తొంబదేండ్లు దాటిన మా తండ్రిగారి నడిగితిమి. కొంతసేపు కన్నులు మూసికొని, “సుబ్బలక్ష్మి” అనిరి. వ్రాసితిమి.

వానజల్లు తగులు గోడపై పటము పెట్టరాదు, ఎండయు సోకరాదు. వెనుక క్రిందిమూలల రెండు బెండుముక్క లంటించినచో గోడకును పటమునకును నడుమ గాలి యాడును. మాది నడిమింటి లోపలిగోడపై నున్నది.