నాగపూర్ చిత్రకారుడి మౌనం

1956లో బాబాసాహెబ్ ధమ్మదీక్ష ఇచ్చిన నాగపూర్‌లోనే, 1924లో చిత్రకారుడు వాసుదేవ్ గాయ్‌తోండే పుట్టారు. ఆయన బొమ్మల్లో మనిషీ చెట్టూ కనబడవు. రోలరుతో రంగు పరచడం, కత్తితో గీకడం, మళ్లీ పొర మీద పొర వేయడం. ఏడాదికి పట్టుమని పది కాన్వాసులు కూడా అయ్యేవి కావు. మిగతా కాలమంతా ఆలోచనే పని. జెన్ బౌద్ధం మీద మక్కువ. ‘నైరూప్యం’ అన్న పేరు ఒప్పుకునేవారు కాదు. కోరుకున్నది నిశ్శబ్దం.

లా చదివి, బస్తీల్లో అర్జీలు రాసే నాకు ఆ మాట వెంటనే మింగుడుపడలేదు. తరతరాలుగా మన నోళ్లు నొక్కారు, మళ్లీ మౌనమా? అయితే నోరు మూయించడం వేరు, తానుగా ఊరకుండటం వేరు.

మన పిల్లలు కుంచె పడితే బాబాసాహెబ్ బొమ్మో బుద్ధుడి బొమ్మో వేయమంటాం (అవీ కావాలి). మా బస్తీ కుర్రాడొకడు ఈమధ్య ఉత్త పసుపే పరిచాడు. అర్థమేమిటని అడగలేదు. ఇంకో కాన్వాసు కొనిచ్చాను.