దూలానికి కట్టిన కంకులు

మా ఇంట్లో విత్తనం కొనడమంటే తలవంపులు. రాగులు, కందులు, అనుములు అన్నీ జేజి బూడిద కలిపి కుండల్లో దాచినవే. మొక్కజొన్నయితే లావాటి కంకులు ఏరి, పొట్టు వెనక్కి ఒలిచి, పొయ్యి పైన దూలానికి కట్టేది. పొగకు నల్లబడేవే గాని ఒక్క గింజ పుచ్చేది కాదు. అట్లాంటి ఇంటికి నాయన ఒకరోజు మదనపల్లె నుంచి హైబ్రిడ్ మొక్కజొన్న సంచి మోసుకొచ్చాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా పక్కకు టమాటా ఇంకా ఇంతగా కమ్ముకోని రోజులు.

సంచి విప్పితే గింజలన్నీ గులాబీ రంగు. జేజి ఒకటి అరచేతిలో రుద్ది చూసింది.

"రంగేసి అమ్మినారేందిరా?"

"మందమ్మా. భూమిలో కుళ్లకుండా."

"మన ఇత్తనం ఎప్పుడు కుళ్లింది?"

నాయన జవాబు చెప్పలేదు. హైబ్రిడ్లు నిజానికి కొత్తవేమీ కావు. గంగ, రంజిత్, డెక్కన్ అనే పేర్లతో 1961లోనే విడుదలయ్యాయి. మా చెనిక్కాయల చేల దాకా రావడానికే అన్నేళ్లు పట్టింది. అంగడాయన పెద్ద కంకి వేసే 110 రోజుల రకం తీసుకోమన్నాడట. మా బావి సంగతి నాయనకు తెలుసు. వాన ఎగ్గొడితే అందులో నీళ్లు మూడు నెలలకు మించి రావు. జల్లు, పీచు వేసే వేళకు తడి లేకపోతే కంకి బోసినోరే. అందుకే 90 రోజుల రకమే పట్టుబట్టి తెచ్చాడు.

కుప్పం నుంచి వచ్చిన మేనత్త అడిగింది మాత్రం వేరే. "ముసుగు నిండుగా ఉంటుందా?" మూడు రాష్ట్రాలు కలిసే ఆ పక్క కన్నడం వాళ్లు మొక్కజొన్నను ముసుకిన జోళ అంటారు, ముసుగేసుకున్న జొన్న అని. పొట్టు మొన దాకా కప్పకపోతే చిలకలకు విందే అంది. విత్తనం ఎంచుకోవడం గురించి తర్వాత ఎంతమంది చెప్పినా, ఇంత ముక్కుసూటి ప్రశ్న నేను మళ్లీ వినలేదు.

వాన పడిన మూడో రోజు నాయన మన్ను పిడికిట పట్టి, వదిలి, పదును చూశాడు. సాలుకీ సాలుకీ రెండడుగులు, మొక్కకూ మొక్కకూ జానెడు. ఎకరాకు 8 కిలోలు. గింజ వేయడం నా పని. నా జానె చిన్నది కదా, నాయన కొలిచి ఒక పుల్ల విరిచిచ్చాడు. లోతు రెండు కణుపులు. పైపైన వేస్తే కాకుల పాలు, మరీ లోపలికి పోతే మొలక పైకి రాలేదు. వారం దాటకముందే పచ్చటి సూదుల్లా లేచాయి. పుంగనూరు సంతకు పోతే తప్ప తక్కిన పొద్దంతా వడిసెల పట్టుకుని గెనెం మీదే ఉండేవాణ్ని. ఒక్క పల్లపు మూల మాత్రం దక్కలేదు. మడి కయ్య అది, రెండు రోజులు నీళ్లు నిలిచేసరికి మొలకలు పసుపెక్కి కూలిపోయాయి. మొక్కజొన్నకు దాహమూ పడదు, మునకా పడదు.

పంట మాత్రం ఊరంతా వచ్చి చూసింది. అన్నీ ఒకే ఎత్తు, బడిలో వరస కట్టిన పిల్లల్లాగా.

జేజికి ఇక ఒప్పుకోక తప్పలేదు. మెచ్చిన కంకులు ఏరి దూలానికి కట్టింది. మరుసటేడు ఒక కయ్య నిండా అవే వేయించింది. కొన్ని నా నెత్తి దాటాయి, కొన్ని నడుము దగ్గరే ఆగాయి. ఒకదాని జల్లు రాలిపోయాక పక్కదానికి పీచు వచ్చింది. సగం కంకుల్లో నాలుగు గింజలు ఇక్కడ, నాలుగు అక్కడ.

గ్రామసేవకుడు వచ్చి చూసి నవ్వాడు. "దీనికి నలుగురు అవ్వాతాతలుంటారు జేజీ. సంచిలో బిడ్డలు ఒక్క తీరుగా ఉంటారు. ఆ బిడ్డల బిడ్డలు మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో పోలిక. ఏటేటా సంచే కొనాల."

"మా ఇంట్లోనూ అంతే కదా," అంది జేజి, నా పక్కా మా అన్న పక్కా చూసి. "వాళ్లను యాడన్నా కొని తెచ్చినామా?"

ఆ ఏడు కూడా నాలుగు లావాటి కంకులు దూలానికి ఎక్కాయి. నాయన తలెత్తి చూశాడు. ఏమీ అనకుండా కాళ్లు కడుక్కుని సంగటికి కూచున్నాడు.