బంకు పోయినా ట్యాంకు ఉంటుంది

ప్రియమైన పాఠక మిత్రులకు,

ఈ నెల పాత పెట్రోలు ట్యాంకుల గురించి రాస్తున్నాను. బంకు మూతపడి, ఆ జాగా చేతులు మారి, పైన ఇంకేదో కట్టాక నేలలోనే మిగిలిపోయే ట్యాంకులు ఉంటాయి. వాటివల్ల బావులు ఎలా చెడతాయో, చెడిన సంగతి ఎలా కనిపెడతారో మనకూ తెలిసి ఉండాలి.

అమెరికాలో 1980ల దాకా బంకుల కింద పూడ్చినవి చాలామటుకు తుప్పు పట్టకుండా ఏ రక్షణా లేని ఉక్కు ట్యాంకులు. తడి నేలలో కొన్నేళ్లకు ఉక్కును తుప్పు తినేస్తుంది. సన్నటి చిల్లులోంచి కారే పెట్రోలు రోజువారీ లెక్కల్లో తేలదు, ఆవిరైపోయిందనుకుంటారు. అక్కడి చట్టసభ కాంగ్రెసు దీని మీద 1984లో చట్టం చేసింది, 1988లో నిబంధనలు వచ్చాయి. పాత ట్యాంకులను బాగుచేయడానికో తీసేయడానికో 1998 డిసెంబరు 22 దాకా గడువిచ్చారు. ఇప్పటిదాకా ఆ దేశంలో లీకైనట్టు తేలిన చోట్లు ఐదు లక్షలకు పైనే.

ఇంత చిన్న లీకుకు అంత భయమెందుకు? కాగితం మీద లెక్క వేద్దాం. రక్త కేన్సర్‌కు కారణమయ్యే బెంజీన్ తాగేనీళ్లలో లీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదన్నది అమెరికా పరిమితి. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు తూగుతుంది. అందులో నూటికి ఒక వంతు బెంజీన్ ఉందనుకున్నా ఏడు గ్రాములు దాటుతుంది. అదంతా నీళ్లలో కలిస్తే దాదాపు 15 లక్షల లీటర్లు ఆ పరిమితిని తాకుతాయి. ఒక్క లీటరు సంగతి ఇది.

శాంటా మోనికా కథ నన్ను ఎక్కువగా కలతపెట్టింది. కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున ఉన్న ఆ నగరానికి సొంత తాగునీటి బావులున్నాయి. 1996లో వాటిలో ఎం.టి.బి.ఇ. అనే రసాయనం ఉందని తేలి, ఛార్నాక్ అనే చోట ఉన్న బావులన్నీ మూసేశారు. నగరం తాగే నీళ్లలో దాదాపు సగం పోయాయి. పెట్రోల్లో సీసం మానేశాక ఆక్టేన్ పెంచడానికి, తర్వాత పొగ తగ్గించడానికి కలిపిన రసాయనమది. గాలి కోసం చేసిన మేలు బావికి చేటైంది. నేలలోని సూక్ష్మజీవులు బెంజీన్‌ను కొంత తినేస్తాయి. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల 1995లో కాలిఫోర్నియా లీకులను పరిశీలించి, బెంజీన్ చాలాచోట్ల ట్యాంకుకు 250 అడుగుల లోపే ఆగిపోతోందని చెప్పింది. ఎం.టి.బి.ఇ. అలా ఆగదు. మట్టికి అంటుకోదు, నీళ్లలో ఇట్టే కరిగి, నీళ్లు పోయినంత దూరం పోతుంది. శుద్ధి కేంద్రం కట్టి ఆ బావుల నీళ్లు మళ్లీ జనానికి అందించడానికి 2010 చివరిదాకా పట్టింది. ఈలోగా నగరం నీళ్లు కొనుక్కుంది.

నేల కింద కంటికి కనిపించని దాన్ని ఎలా వెతుకుతారు? బోరు బండి రావడానికి చాలా ముందే పాత కాగితాలతో పని మొదలవుతుంది. అమెరికా పట్టణాలకు సాన్‌బోర్న్ కంపెనీ అగ్నిప్రమాద బీమా కోసం గీయించిన పటాలున్నాయి. ఏ వీధిలో ఏ కట్టడం, దేనితో కట్టింది, పెట్రోలు ట్యాంకు ఎక్కడుంది అన్నీ వాటిలో ఉంటాయి. బీమా వాళ్ల జాగ్రత్త దశాబ్దాల తర్వాత బావులను కాపాడేవాళ్లకు దారి చూపుతోంది. పటాలు చూశాక ఆ వీధిలో ఎప్పటినుంచో ఉంటున్న పెద్దవాళ్లను అడుగుతారు. ఆ తర్వాత లోహాన్ని పసిగట్టే పరికరాలతో నేలంతా నడుస్తారు.

అప్పుడు బోరు వేస్తారు. కొంచెం లోతుకొకసారి మట్టి తీసి, సంచిలో మూసి, దాన్నుంచి లేచే ఆవిరిని చేతి మీటరుతో కొలుస్తారు. పెట్రోలు నీళ్లకంటే తేలిక కాబట్టి కిందికి దిగి, చారు మీద తాలింపు నూనెలా జలమట్టం మీద తేలుతుంది. మట్టం పెరిగినప్పుడు తనూ పైకొస్తుంది, తగ్గితే దిగుతుంది. అలా ఎక్కి దిగుతూ మధ్యనున్న మట్టికంతా పట్టేస్తుంది. ఒక్క వేసవిలో చూసి పోతే సగమే తెలుస్తుంది. అన్ని కాలాల్లోనూ కొలవాలి.

నీళ్లు ఎటు పోతున్నాయో తెలియడానికి ఒకే వరసలో లేని మూడు పరిశీలన బావులైనా కావాలి. మూడింటి నీటిమట్టాల తేడాను బట్టి వాలు ఎటో తేలుతుంది. నమూనాలు 40 మిల్లీలీటర్ల గాజు సీసాల్లో, గాలిబుడగ ఒక్కటీ లేకుండా నింపి మంచుపెట్టెలో పంపుతారు. బుడగ ఉంటే బెంజీన్ అందులోకి జారుకుని, నీళ్లు ఉన్నదానికంటే శుభ్రంగా కనిపిస్తాయి. మట్టిలో సీసం, దానికి తోడుగా కలిపే రసాయనాలు కనిపిస్తే లీకు పాతదని ఊహిస్తారు. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో ఆగింది కాబట్టి ఆ గుర్తు ఇక్కడా పనికొస్తుంది.

మన దగ్గర రెండు సంగతులు వేరు. తెలంగాణలో, రాయలసీమలో చాలా భాగం రాతినేల. నీళ్లు మొరంలోనూ దాని కింది రాతి పగుళ్లలోనూ కదులుతాయి. పగులు ఎటుంటే అటే పోతాయి కనుక మూడు బావుల లెక్క ఇక్కడ మోసం చేయవచ్చు. పైగా వానాకాలానికీ వేసవికీ మధ్య మట్టం మీటర్లకు మీటర్లు మారుతుంది. పెట్రోలు పట్టే మట్టి అంత మందంగా ఉంటుందన్నమాట.

2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకులు బడులకు, ఆసుపత్రులకు, ఇళ్లకు 50 మీటర్ల ఎడంగా ఉండాలని, తప్పనిసరైన చోట కూడా 30 మీటర్లకు తగ్గకూడదని చెప్పింది. మంచి పని. కానీ అది కొత్త బంకుల సంగతి. మూతపడిన బంకుల పట్టిక ప్రతి పురపాలక సంఘంలో, అందరూ చూసేలా ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. బంకు లైసెన్సు కోసం ట్యాంకుల స్థానం చూపే ప్లాను పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థకు ఇవ్వాల్సిందే. ఆ ప్లాన్లే మన సాన్‌బోర్న్ పటాలు కాగలవు.

స్థలం కొనేవారు లింకు డాక్యుమెంట్లతో పాటు అక్కడ ఒకప్పుడు బంకుగానీ, లారీ షెడ్డుగానీ ఉండేదేమో కనుక్కోండి. బోరు నీళ్లలో పెట్రోలు వాసన వస్తే తాగడం, వంట రెండూ ఆపండి. కాచితే సరిపోతుందనుకోకండి, ఆ ఆవిరి ఇంట్లోనే తిరుగుతుంది. పంపు గదిలో దీపం, బీడీ వద్దు. కాలుష్య నియంత్రణ మండలికి రాసి, పరీక్ష చేయించమని పట్టుబట్టండి.

మీ ఊళ్లో పాత బంకు ఎక్కడుండేదో, ఎప్పుడు ఎత్తేశారో, ఇప్పుడక్కడ ఏముందో మీ ఇంటి పెద్దల్ని అడిగి నాకు రాయండి. వీధి పేరు, దగ్గర్లో బావులుంటే అవీ రాయండి. వచ్చిన ఉత్తరాలను ఊళ్లవారీగా వచ్చే సంచికలో వేస్తాను.

ఇట్లు,
మీ మిత్రుడు