ఒక దమ్ము, ఒక పుల్లటి బిళ్ళ

పొగ తాగేవాళ్ళకి విటమిన్ సి ఎక్కువ కావాలి. ఈ మాట నిజమే, ఎవరూ కాదనట్లేదు. సిగరెట్ పొగ ఒంట్లో చేసే రచ్చని అణచడానికి శరీరం తన దగ్గరున్న సి ని గబగబా ఖర్చుపెట్టేస్తుంది. ఎంత ఎక్కువ కావాలి అన్నదగ్గరే మనవాళ్ళు సున్నాలు కలిపేస్తున్నారు.

2000లో అమెరికా నిపుణులు చెప్పిన అదనపు లెక్క రోజుకి 35 మిల్లీగ్రాములు. హైదరాబాదు తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో మగవాళ్ళకి రోజుకి 80 చాలంది. రెండూ కూడితే 115. వంద గ్రాముల జామకాయలో 200 పైనే ఉంటుంది. అంటే తడ రోడ్డు మీద ఉప్పూకారం చల్లి ఇచ్చే జామకాయలో సగం ముక్క! (కారం మీ ఇష్టం.)

ఇక్కడ శ్రీ సిటీలో మా ఆఫీసులో ఓ అన్న ఉన్నాడు. రోజుకి పది సిగరెట్లు, రెండు 500 బిళ్ళలు. బిళ్ళలు కరోనా టైములో మొదలుపెట్టాడు. "ఏం గాదులేబ్బా, లెక్క సరిచేసుకుంటా ఉండా" అంటాడు. పై లెక్కంతా చెప్తే శ్రద్ధగా విని, "అయితే బిళ్ళ మానేస్తాలే" అన్నాడు :)

నిజానికి ఆ బిళ్ళలో చాలా భాగం వృథా. 1996లో అమెరికాలో ఏడుగురు కుర్రాళ్ళ మీద చేసిన ప్రయోగంలో 200 మోతాదు పూర్తిగా ఒంటబట్టింది. 500 నుంచి పట్టడం తగ్గింది, పట్టింది కూడా మూత్రంలో పోయింది. బఫర్ నిండాక ప్యాకెట్లు డ్రాపయినట్టన్నమాట. ఊరికే పోతే పర్లేదు, కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. 2013లో స్వీడన్‌లో చూస్తే సి బిళ్ళలు మింగే మగవాళ్ళలో కిడ్నీ రాళ్ళు దాదాపు రెట్టింపు. ఇక మన మే నెల ఎండల్లో, నీళ్ళు తాగే తీరికలేని షిఫ్టుల్లో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పైగా తారు, కార్బన్ మోనాక్సైడ్ వీటి జోలికి ఈ బిళ్ళ పోనేపోదు. వేరే విటమిన్ కథ ఇంకా ఘోరం. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మంది మగవాళ్ళ మీద చేసిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది.

ఇంకోటి. పక్కవాళ్ళ పొగ పీల్చే పిల్లల రక్తంలో కూడా సి తక్కువగా ఉంటోందని 2003లో అమెరికాలో ఓ అధ్యయనం తేల్చింది. మా అన్నకి రెండేళ్ళ పాప ఉంది.