పుట్టుకకు ముహూర్తం

పది రోజుల క్రితం నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. పదవ తరగతిలో ఛందస్సంటే హడలిపోయిన పిల్లవాడు, ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు. కుశల ప్రశ్నలయ్యాక అసలు సంగతికి వచ్చాడు. "మాస్టారూ! మా ఆవిడకు తొమ్మిదో నెల. వచ్చే వారంలో ఏ రోజైనా సరే, ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టరుగారు. మంచి ముహూర్తం ఒకటి చూసిపెట్టండి. ఉదయం తొమ్మిదికీ పన్నెండుకూ మధ్య అయితే మత్తు డాక్టరుగారు కూడా దొరుకుతారట" అన్నాడు. నేను చూడనన్నాను. ఎందుకని అడిగితే అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. పాపం, నొచ్చుకున్నట్టున్నాడు. నోటితో చెప్పలేనిది వ్రాసి చెప్పవచ్చునేమోనని ఈ టపా. అతనూ చదువుతాడు, ఇటు వచ్చే మిత్రులూ చదువుతారు.

నేను జ్యోతిష్కుణ్ణి కాను. భాషాప్రవీణ చదివే రోజుల్లో సంస్కృతంతో పాటు పంచాంగం చూడటం అబ్బింది. తెలుగు పండితుడంటే తిథి వార నక్షత్రాలు తెలిసినవాడని ఊరి నమ్మకం. బడిలో వ్యాకరణం చెప్పి ఇంటికి రాగానే అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. గృహప్రవేశం, అక్షరాభ్యాసం, బోరు వేయించడం, ట్రాక్టరు కొనడం. దక్షిణ పుచ్చుకునేవాణ్ణి కాను కనుక గిరాకీకి లోటు లేదు. సుమారు 2000 తర్వాత ఈ జాబితాలోకి కాన్పు చేరింది. మొదటిసారి అడిగినప్పుడు విచిత్రంగా తోచింది. నాలుగోసారికి అలవాటైపోయింది.

ఆ రోజుల్లో ఒకాయనకు తెల్లవారుజాము నాలుగున్నరకు దివ్యమైన లగ్నం కుదిర్చి ఇచ్చాను. మర్నాడు వచ్చి, "డాక్టరమ్మ ఎనిమిది దాటితే గాని రానంటున్నారు, కొంచెం జరపండి మాస్టారూ" అన్నాడు. జరిపాను. లగ్నం మారింది, గురువు కేంద్రం తప్పాడు. ఇద్దరం సర్దుకున్నాము. గ్రహాలు డాక్టరుగారి వేళలకు లోబడటం నాకు నవ్వు తెప్పించింది గాని, నేను చేస్తున్న పని గురించి ఆలోచన మాత్రం తెప్పించలేదు.

నిజానికి ఆలోచించవలసినది చాలా ఉంది. సీమంతానికి ముహూర్తం ఉంది, నామకరణానికి ఉంది, అన్నప్రాశనకు ఉంది. పుట్టుకకు లేదు. పుట్టిన క్షణమంటే ఏది, తల బయటపడినదా, బిడ్డ నేలను తాకినదా, బొడ్డు కోసినదా అని పూర్వులు తర్కించారు. జాతకమంటే జరిగినదాన్ని గమనించి గుణించేది. దాన్ని ముందుగా ఎంచుకుని బిడ్డను అందులోకి లాగమని వారెవరూ చెప్పలేదు. ఆ మాటకు వస్తే రోహిణిలో పుట్టిన పిల్లవాడు మేనమామకు గండమని మన వాళ్ళు ఇప్పటికీ భయపడతారు. కంసుడి కాలంలో ఈ ఆపరేషన్ లేకపోవడం మన అదృష్టం.

అయితే నేను కోతకు వ్యతిరేకిని కాను. అలా అనే అర్హత నాకు లేదు. 1967లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మా పిన్ని మా ఇంటికే పురిటికి వచ్చింది. బందరు తాలూకాలో చిన్న పల్లె మాది. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన మనిషి. తన చేతికి అందే పనీ అందని పనీ ఆమెకు బాగా తెలుసు. మొదటి రాత్రే, "ఇది నా వల్ల కాదు, బండి కట్టించండి, బందరు ఆసుపత్రికి తీసుకుపొండి" అంది. ఆ రాత్రి వర్జ్యం ఉందని పెద్దలు ఆగారు. తెల్లవారాక బయలుదేరిన బండి పన్నెండు మైళ్ళలో ఎనిమిది మైళ్ళు వెళ్ళి వెనక్కి తిరిగింది. బండిలో పరిచిన వరిగడ్డి మీద పిన్ని కప్పుకున్న ఆకుపచ్చ దుప్పటి నాకింకా కళ్ళకు కడుతుంది. ఆ రోజు ఎవరైనా ఆమె కడుపు కోసి ఉంటే ఇవాళ డెబ్బై దాటిన పిన్ని నాకు ఉండేది.

సిజేరియన్ అనే మాట జూలియస్ సీజర్ అలా పుట్టినందువల్ల వచ్చిందని పిల్లలకు చెబుతూ వచ్చాను. అది తప్పు. అతని తల్లి అతను పెద్దవాడయ్యేదాకా బ్రతికే ఉంది. ఆ కాలంలో కడుపు కోస్తే తల్లి దక్కడం లేదు. కోయడం అనే అర్థం గల లాటిన్ ధాతువు నుంచి ఈ పేరు వచ్చిందని కొందరంటారు. తల్లి మరణించి, గర్భంలో శిశువు కదులుతూ ఉంటే ఆలస్యం చేయక కోసి తీయమని మన సుశ్రుతుడూ చెప్పాడు. విషం తిన్న రాణి గర్భం నుంచి చాణక్యుడు బిందుసారుణ్ణి అలాగే తీయించాడని జైన కథ. అన్ని చోట్లా తల్లి పోయాకనో, పోతున్నప్పుడో. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేలా కోయడం మత్తుమందూ, శుభ్రతా, కుట్లూ నేర్చిన తర్వాతి మాట. అంత కష్టపడి సంపాదించుకున్న విద్యను అమావాస్య తప్పించడానికి వాడుకున్న వాళ్ళలో నేనొకణ్ణి.

2015లో మా అమ్మాయి తొలిచూలు కాన్పుకి పుట్టింటికి వచ్చింది. పట్టణంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో చూపించేవాళ్ళం. డాక్టరు ఇచ్చిన తేదీ సరిగ్గా అమావాస్య దగ్గర పడింది. వియ్యపురాలు ఫోను చేసి, "అన్నయ్యగారూ, మొదటి మనవడు. అమావాస్య దరిదాపుల్లో వద్దు. మీకు తెలియనిదేముంది" అన్నారు. అదే వారం డాక్టరుగారు, బిడ్డ బరువుగా ఉన్నట్టుంది, తల ఇంకా దిగలేదు, రిస్కు ఎందుకు అన్నారు. రిస్కు అనే మాట వింటే పిన్ని గుర్తుకొచ్చే మనిషిని నేను. ఒప్పేసుకున్నాను. పుష్యమీ నక్షత్రం ఉన్న రోజు ఒకటి కాగితం మీద వ్రాసి ఇచ్చాను. అది ఇచ్చిన తేదీకి పదిహేడు రోజులు ముందు. అంటే ముప్ఫయి ఏడు వారాలు దాటి నాలుగు రోజులు. ఈ లెక్క నేను అప్పుడు వేసుకోలేదు. నక్షత్ర పాదాలు లెక్కించినవాణ్ణి వారాలు లెక్కించలేకపోయాను.

అమ్మాయి వాళ్ళమ్మతో, "నొప్పులు వస్తాయేమో కొన్నాళ్ళు చూద్దామా?" అని ఒకసారి అన్నదట. మా ఆవిడ నాకు చెప్పింది. నేను పంచాంగంలోంచి తల ఎత్తకుండానే, పెద్దవాళ్ళం ఉన్నాం కదా అన్నాను.

మనవడు అనుకున్న నిమిషానికే పుట్టాడు. బరువుగా ఉందన్న బిడ్డ రెండు కిలోల ఆరువందలు తూగాడు. పుట్టిన గంటకు ఎగఊపిరి మొదలైంది. పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. ఊపిరితిత్తుల్లో నీరు ఇంకా ఆరలేదని చెప్పి బాక్సులో పెట్టారు. నొప్పులు రాకుండా, ముప్ఫయి తొమ్మిది వారాలు నిండకుండా తీసిన పిల్లల్లో ఈ ఇబ్బంది హెచ్చని పిల్లల డాక్టరు మామూలు విషయం చెప్పినట్టు చెప్పాడు. నొప్పులు వచ్చేటప్పుడే బిడ్డ ఊపిరితిత్తులు గాలి పీల్చడానికి సిద్ధపడతాయట. నాలుగు రోజులు అద్దం అవతల వాణ్ణి, ఇవతల పై అంతస్తులో కుట్లతో లేవలేని అమ్మాయినీ చూశాను. నాలుగో రోజుకి గాని వాణ్ణి తల్లి ఒడిలోకి ఇవ్వలేదు. ఈలోగా బంధువులంతా జాతకం అద్భుతంగా ఉందని నన్ను అభినందించారు. వాడికి ఏ లోపమూ లేదు, ఇప్పుడు చక్కగా చదువుకుంటున్నాడు. కాని అమ్మాయి ఒక్కనాడూ నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

2019లో రెండోసారి నెల తప్పినప్పుడు హైదరాబాదులోనే కంటానంది. ఒకసారి మమ్మల్ని కూడా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది. ఈ డాక్టరు మొదట పాత ఆపరేషన్ కాగితం అడిగింది. పైన చర్మం మీది గాటు కాదు, లోపల గర్భసంచి మీద కోత ఎటు ఉందన్నది ముఖ్యమట. కింది భాగంలో అడ్డకోత అయితే సాధారణ కాన్పుకు ప్రయత్నించవచ్చు, నిలువుకోత అయితే వద్దంటారు. మా అమ్మాయిది అడ్డకోతే. ప్రయత్నించిన నూరు మందిలో అరవై నుంచి ఎనభై మందికి మామూలుగా కాన్పు అవుతుంది, రెండు వందల మందిలో ఒకరికి మాత్రం పాత కుట్టు విచ్చుకోవచ్చు, అలా జరిగితే తల్లికీ బిడ్డకూ కూడా ప్రమాదం, కనుక వెంటనే కోయగలిగిన ఆసుపత్రిలోనే ప్రయత్నించాలి అని దాచకుండా చెప్పింది. మళ్ళీ కోతకే సిద్ధపడితే ఆ భయం చాలావరకు తప్పుతుంది. కాని కోత కోతకూ తర్వాతి కాన్పులో మాయ పాత గాటుకు అంటుకుపోయే ముప్పు పెరుగుతుంది. అప్పుడు రక్తం ఆగదు, ఒక్కోసారి గర్భసంచినే తీసేయవలసి వస్తుంది. "ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా?" అని అడిగింది. అడిగింది అమ్మాయిని. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను.

మా వియ్యపురాలు కోతే మేలన్నారు. మా ఆవిడ రెండు మాటలూ అంది. అల్లుడు, "తను ఎలా అంటే అలా" అని ఊరుకున్నాడు. మా అమ్మాయి నెల రోజులు ఆలోచించింది. నొప్పులంటే దానికీ భయమే. ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదని నా వయసువాళ్ళు తేలికగా అంటారు గాని, ఆ మాటకు నేను ఒప్పుకోను. బడిలో నాతో పనిచేసిన పంతులమ్మలు ప్రసూతి గదుల్లో పడిన తిట్లూ, చెంపదెబ్బలూ, తోడు ఒక్కరినీ రానివ్వని కట్టడీ చెప్పుకోగా విన్నాను. అటువంటి గదిలోకి వెళ్ళడం కన్నా కోయించుకోవడమే నయమని ఒక పిల్ల అనుకుంటే అది ఓర్పులేనితనం ఎలా అవుతుంది? ఇక్కడ అల్లుణ్ణి పక్కనే ఉండనిస్తామన్నారు. చివరకు అమ్మాయి, "నొప్పులు వచ్చేదాకా ఆగుతాను. అవసరమైతే కోయండి. ఊరికే మాత్రం వద్దు" అంది. నాతో విడిగా, "నాన్నా, ఈసారి పంచాంగం తేవద్దు" అంది. తేలేదు.

లెక్కలు కూడా వ్రాస్తాను, మా విద్యార్థి బ్యాంకువాడు కనుక. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు కోతలు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7, అంటే దేశంలోనే అన్నిటికన్నా ఎక్కువ. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. ఒక జనాభా మొత్తం మీద నూటికి పది దాటాక కోతలు పెరిగినంత మాత్రాన తల్లుల మరణాలూ, పసికందుల మరణాలూ తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఈ అరవైలో మా పిన్ని వంటివారు ఎందరో ఉంటారు. నా పుష్యమి వంటివీ ఉంటాయి. డాక్టర్లనొక్కరినే అని లాభం లేదు, గుమ్మం ముందు కాగితంతో నిలబడ్డవాళ్ళం మేమే.

నొప్పులు ఒక సాయంత్రం వచ్చాయి. ఇచ్చిన తేదీకి రెండు రోజుల ముందు. నర్సమ్మ ఒకామె రాత్రంతా అమ్మాయి నడుము పట్టుకుని నడిపించింది. మేము బయట కుర్చీల్లో. పదకొండు గంటలు గడిచాక, ప్రతి నొప్పికీ బిడ్డ గుండె వేగం పడిపోయి, మళ్ళీ తేరుకోవడం ఆలస్యమవుతున్నదని డాక్టరు అమ్మాయికే చెప్పింది. అమ్మాయి కాగితం మీద తనే సంతకం చేసింది. అరగంటలో ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది, తల్లి గుండెల మీద పెట్టారు. పాత కుట్టు ఉన్న చోట గర్భసంచి కాగితంలా పల్చబడిందనీ, ఇంకొంతసేపు ఆగకపోవడం మంచిదైందనీ డాక్టరు బయటికి వచ్చి చెప్పింది.

"అదేదో ముందే కోయించుకుని ఉంటే ఈ యాతన తప్పేది కదా అన్నయ్యగారూ" అన్నారు వియ్యపురాలు. ఆమె మాట కొట్టిపారేయదగినది కాదు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు అమ్మాయినే అడిగాను, రెండు నొప్పులూ పడ్డావు కదమ్మా, బాధగా ఉందా అని. "ఉంది నాన్నా. కాని ఈసారి నన్ను అడిగి కోశారు" అంది.

బారసాలకు అక్షరం కావలసి వచ్చి పదకొండో నాడు పంచాంగం తెరిచాను. ఆశ్లేష. అత్తకు ఆశ్లేష, మామకు మూల అని ఆడపిల్లల విషయంలో పెద్దలు బెదరే నక్షత్రం. నేనే ముహూర్తం పెట్టి ఉంటే ఆ రోజు ఛాయలకు కూడా పోయేవాణ్ణి కాను. చెప్పనా వద్దా అని తటపటాయిస్తుంటే, పిల్లకు పాలిస్తున్న అమ్మాయి నా ముఖం చూసి, "ఏం నక్షత్రం నాన్నా?" అని అడిగింది. చెప్పాను. గండం ఎవరికో కూడా చెప్పాను.

"ఆ అత్తగారిని వెతకడానికి ఇంకా పాతికేళ్ళుంది. ముందు ఆ తువ్వాలు అందించండి" అంది.