చవక రివాల్వర్ల ట్రిగ్గర్లు

కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా మామిడి తోటలకు పేరుపడిన ప్రాంతం కనుక, అక్కడ తుపాకీ అనగానే పంట కాపలాకు వాడే పొడవాటి గొట్టం తుపాకీ గుర్తుకు వస్తుందే తప్ప రివాల్వర్ కాదు. 1959 నాటి ఆయుధ చట్టం కూడా ఈ భేదాన్ని పాటిస్తూ, మూతి నుంచి మందు దట్టించే తుపాకీని పంట రక్షణకు అడిగే రైతు పట్ల కొంత ఉదారంగా ఉండగా, చేతి తుపాకీ కోరేవారు మాత్రం తగిన కారణం చూపి అధికారిని ఒప్పించాలని నిర్దేశిస్తుంది. ఇదే జిల్లాలోని బంగారు గనుల సంగతి వేరు. 1880లో జాన్ టేలర్ సంస్థ ప్రవేశించిన తరువాత అక్కడ ఆంగ్లేయ ఉద్యోగుల బంగళాలు, క్లబ్బులు, కాలక్రమంలో సహాయక సైనిక దళపు బెటాలియన్ వెలిశాయి. రివాల్వర్ ఆ లోకానికి చెందిన వస్తువు.

పాత రివాల్వర్లను సేకరించేవారు సాధారణంగా వెండి పూత, దంతపు పిడి, ప్రసిద్ధుడైన యజమాని పేరు చూసి విలువ కడతారు. నిజానికి చవక రకాల మధ్య తేడా తెలిసేది ట్రిగ్గర్ దగ్గరే. హ్యామర్‌ను, అంటే తూటా వెనుక దెబ్బ కొట్టే సుత్తి భాగాన్ని, ముందుగా బొటనవేలితో వెనక్కి లాగి నిలిపితే, ఆపై ట్రిగ్గర్ చేసే పని దానిని విడిచిపెట్టడం మాత్రమే. దీనిని సింగిల్ యాక్షన్ అంటారు. డబుల్ యాక్షన్‌లో హ్యామర్‌ను లేపడం, తూటాల చక్రాన్ని ఒక గది తిప్పడం, చివరకు హ్యామర్‌ను వదలడం అనే మూడు పనులూ ఒకే వేలి లాగుతో జరగాలి కనుక, ఆ లాగు పొడవుగా, బరువుగా ఉంటుంది. లోపలి కొక్కేలను చేతితో నునుపు చేయడానికి పనివాడి సమయం కావాలి. ధర తగ్గించదలచిన తయారీదారు మొదట కోత పెట్టేది ఆ సమయానికే కనుక, చవక రివాల్వర్ ట్రిగ్గర్ లాగుతున్నప్పుడు మధ్యలో గరగరలాడుతుంది, చివరలో ఉన్నట్టుండి బిగుసుకుంటుంది.

అయితే చవకదనాన్ని నాసిరకంతో సమానం చేయడం అన్యాయం. అమెరికాలోని ఐవర్ జాన్సన్ సంస్థ సామాన్యుల కోసం చేసిన రివాల్వర్లలో, ట్రిగ్గర్ లాగినప్పుడు మాత్రమే పైకి లేచి హ్యామర్ దెబ్బను తూటాకు అందించే చిన్న ఉక్కు పలక ఉండేది. హ్యామర్‌పై సుత్తితో కొట్టినా పేలదని ఆ సంస్థ ధైర్యంగా ప్రకటించుకోవడానికి కారణం అదే. అనేక ఖరీదైన ఆయుధాల కంటే ముందే ఇంతటి భద్రత చవక వస్తువులో అమరడం ఎంతైనా మెచ్చదగిన విషయం. మొదటి ప్రపంచ యుద్ధంలో రివాల్వర్ల కొరత ఏర్పడినప్పుడు బ్రిటిష్ సైన్యం స్పెయిన్‌లోని ఐబార్ పట్టణపు కార్ఖానాల నుంచి చవక రకాలనే కొనుగోలు చేసింది. మరోవైపు సైన్యం కోరి చేయించుకున్నంత మాత్రాన ట్రిగ్గర్ మేలైనది కాదు: 1938 తరువాతి ఎన్‌ఫీల్డ్ రివాల్వర్‌లో, ట్యాంకులోని సిబ్బంది దుస్తులకు తగులుకోకుండా బొటనవేలితో లాగే హ్యామర్ తోకను తొలగించి, సింగిల్ యాక్షన్‌ను కూడా తీసివేయడంతో, గురి కుదరడం కష్టమైన బరువైన లాగు ఒక్కటే మిగిలింది.

భారతదేశంలో పోలికకు అందుబాటులో ఉండేవి ప్రధానంగా .32 బోరు రివాల్వర్లు, ఎందుకంటే .38, .455 వంటివి సామాన్య పౌరులకు నిషిద్ధ బోర్లు. ఆంగ్లేయ వెబ్లీ సంస్థ నమూనాను అనుసరించి, గొట్టాన్ని ముందుకు వంచి తూటాలు నింపే .32 రివాల్వర్‌ను ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు తయారుచేస్తున్నందున, ఆంగ్లేయ మూలాన్నీ దాని దేశీయ రూపాన్నీ పక్కపక్కన పెట్టి, రెండు ట్రిగ్గర్లూ ఎంత బరువుకు కదులుతాయో స్ప్రింగ్ త్రాసుతో కొలిచి చూడవచ్చు. ఖాళీ చక్రంతో పదేపదే ట్రిగ్గర్ నొక్కితే తూటాను తాకే హ్యామర్ మొన విరిగే ప్రమాదం ఉంది కాబట్టి, మందు లేని నకిలీ తూటాలను వాడటం ఎరిగినవారి పద్ధతి. 1980ల నడుమ పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోవడంతో, పుట్టిన చోట సాధారణమనిపించుకున్న పాత రివాల్వర్ కూడా ఇక్కడ అపురూపమైంది.

ఇటువంటి పోలికకు కనీసం నాలుగైదు నమూనాలైనా ఒకచోట ఉండాలి. అయితే ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, వారసత్వంగా వచ్చినవాటికీ ఆ పరిమితినే వర్తింపజేసి, మిగిలినవాటిని ఏడాదిలోగా అప్పగించమంది. ప్రజా భద్రత దృష్ట్యా ఈ నియమానికి బలమైన కారణాలే ఉన్నా, అలా అప్పగింతకు వచ్చిన సామాన్యపు రివాల్వర్లలో కొన్నింటినైనా పేలకుండా చేసి, లోపలి యంత్రాంగం కదిలేలా ఉంచి, పక్క పలక తీసి చూపించే మ్యూజియం ఒకటి అవసరం. మరమ్మతుకు లొంగని పాత ఆయుధాలకు చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తున్నది గాని, తుప్పుతో బిగుసుకుపోయిన రివాల్వర్ ట్రిగ్గర్ గురించి ఏమీ చెప్పలేదు.